పార్వతత్త కుట్టిన లాప్‌టాప్ చొక్కా

ఆఫీసు పని మీద రాంచీ వచ్చినవాళ్లు సెలవు దొరికితే జలపాతాలు చూస్తారు. నేను మాత్రం మేనత్త కూతురి లాప్‌టాప్ చూడటానికి జంషెడ్‌పూర్ వెళ్లాను. మా స్వాతి ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ ఇస్తుంటే అది మధ్యలో దానంతటదే ఆరిపోయింది, ఆ ఉద్యోగం చేజారింది. ఇంకో కంపెనీ ఈ శనివారం మధ్యాహ్నం మూడింటికి పిలిచింది. "నువ్వు కంపూటర్ మీదే కదే పని సేత్తన్నావు, ఓపాలొచ్చి సూడవే" అని అత్త ఫోను. నేను చేసేది అకౌంట్స్ ఉద్యోగం. మా అత్త లెక్కలో మాత్రం కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్లందరికీ దాని వైద్యం వచ్చు.

రాంచీలో పొద్దున ఆరింటికి బస్సెక్కితే తొమ్మిది దాటాక జంషెడ్‌పూర్ మాంగో బస్టాండులో దిగుతారు. ఏసీ లేని బస్సుకి నాకు రెండు వందల చిల్లర అయింది. ఊరు దగ్గర పడుతుంటే దల్మా కొండలు కనిపిస్తాయి, అప్పుడు నిద్రపోకండి. అక్కడి నుంచి సాక్చీకి ఒక షేర్ ఆటో, సాక్చీలో మారి అత్త వాళ్లుండే బారిడీహ్‌కి ఇంకొకటి. రెండూ కలిపి యాభై లోపే. రెండో ఆటోలో నేను అత్తతో ఫోన్లో మాట్లాడుతుంటే డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏ ఊరమ్మా మీది? మాది టెక్కలి" అన్నాడు. విజయనగరమని చెప్పి, పార్వతత్త పేరు చెప్పాను. "టైలరమ్మగారా? మా ఇంటిదాని జాకెట్లన్నీ ఆవిడ కుట్టినవే" అంటూ నన్ను సరిగ్గా గుమ్మం ముందు దింపాడు.

దుమ్మంటే అత్తకి పడదు. ఆవిడ ఇంట్లో మిక్సీకి గౌను ఉంది, గ్యాస్ సిలిండర్‌కి కుచ్చుల లంగా ఉంది, రిమోట్‌కి జేబుంది. లాప్‌టాప్‌కి కూడా నీలం రంగు చొక్కా ఉంది. లోపల దూది పెట్టి కుట్టిందేమో మెత్తగా ఉంది. తెర, మీటలు మాత్రం బయటికి కనపడతాయి, పక్కలూ అడుగూ మూసి గుండీలు. చూస్తే ముద్దొచ్చింది.

"దీదీ, దుకాన్‌వాలా బోలా, మదర్‌బోర్డ్ గయా" అంది స్వాతి దిగులుగా. మదర్‌బోర్డే పోయిందని రిపేరు దుకాణంవాడు చెప్పాడట. అమ్మ తెలుగులో అడిగినా ఆ పిల్ల హిందీలోనే జవాబిస్తుంది. నేను ఛార్జర్ మార్చి చూశాను, బ్యాటరీ సెట్టింగులు చూశాను, వాడకుండా ఉంచితే అది ఎంతసేపటికి నిద్రలోకి వెళ్తుందో చూశాను, ఆగిపోయిన అప్‌డేట్లు పూర్తి చేశాను. అన్నీ బాగానే ఉన్నాయి. వీడియో పెట్టి ఊరుకున్నాం. కాసేపటికి టక్కున ఆరిపోయింది. ఎత్తబోతే అడుగు అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలింది.

గుండీలు విప్పాను. వేడిగాలి బయటికి పోవాల్సిన సందులన్నీ ఆ దూది కింద ఉన్నాయి. చల్లారనిచ్చి, చొక్కా లేకుండా మళ్లీ పెట్టాను. మేం అన్నం, చేపల పులుసు తిని చేతులు కడుక్కున్నా వీడియో ఆడుతూనే ఉంది. అత్త మనసు కష్టపెట్టడం ఇష్టం లేక, "లోపల దుమ్ము పట్టిందత్తా, అంతే" అన్నాను.

అత్త గబగబా లోపలికెళ్లి రెగ్జీను ముక్క తెచ్చింది. "అలగైతే ఈ గుడ్డ సాలదు. దీంతో ఇంకోటి కుట్టెత్తాను, దుమ్మెలా దూరతాదో సూత్తాను."

ఇక దాచి లాభం లేకపోయింది. "అమ్మా, కవర్ సే హీ గరమ్ హోతా హై" అంది స్వాతి మెల్లగా, ఆ చొక్కా వల్లే వేడెక్కుతోందని. అత్త రెగ్జీను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "అయితే ఆ ఉజ్జోగం నా గుడ్డ వల్లే పోనాదేటి?"

ఆ ఉద్యోగం తనకసలు నచ్చనే లేదని స్వాతి హిందీలో అంది. అది అబద్ధమని ముగ్గురికీ తెలుసు.

ఆ మధ్యాహ్నమే ఇంటర్వ్యూ. మూడింటికల్లా లాప్‌టాప్‌ని రెండు పుస్తకాల మీద ఎత్తుగా పెట్టి, తలుపేసుకుంది స్వాతి. అత్త తలుపుకి చెవి ఆనించి నిలబడింది. కూర్చోమంటే కూర్చోదు. "మాటాడతంది" అని నాకు చెబుతుంది, మళ్లీ వింటుంది. పోయినసారి ఆరిపోయిన సమయం దగ్గర పడేసరికి నా చెయ్యి పట్టుకుంది. లోపల స్వాతి ఏదో చెప్పి నవ్వింది. "ఇంకా మాటాడతందే" అంది అత్త.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. సోమవారం మళ్లీ మాట్లాడతామన్నారట. అత్త ఉద్యోగం సంగతే అడగలేదు. "ఆరిపోలేదు కదా?" అంది. "నహీ అమ్మా, ఏక్ బార్ భీ నహీ." ఒక్కసారి కూడా ఆరలేదని వినగానే అత్త అక్కడే గడప మీద కూలబడి ఏడ్చింది.

సాయంత్రం బస్సులో కూర్చున్నాక కూడా ఆ గడపే గుర్తొచ్చింది. నేను ఆ ఊళ్లో పార్కూ చూడలేదు, నదీ సరిగా చూడలేదు. అయినా మంచి ప్రయాణమే. మా అత్త అంటే నాకు ముందు నుంచీ ప్రాణం, ఇప్పుడు మరీను. చొక్కా కుట్టిన చేతిని తప్పుపట్టడం నా వల్ల కాదు. మీ లాప్‌టాప్ దానంతటదే ఆరిపోతుంటే దుకాణానికి పరిగెత్తేముందు అడుగున చెయ్యి పెట్టి చూడండి. పరుపు మీదా దిండు మీదా పెట్టకండి, గాలి వెళ్లే సందులు మూయకండి. బయల్దేరేటప్పుడు అత్త ఆ నీలం చొక్కా నా లాప్‌టాప్‌కని సంచీలో పెట్టి చెప్పిన మాట నా సలహాలన్నిటికన్నా మేలు: "అది తొంగున్నప్పుడే తొడుగు. లేచినాక ఇప్పీ."