సుగుణ టీచర్ గీయలేకపోయిన ముఖం

మదనపల్లెలో మా విత్తనాల దుకాణం పక్కనే ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. పొద్దున్నే బండాయన పెట్టెలో బొగ్గులు రాజేసి అట్టముక్కతో విసురుతాడు. ఆ వాసన దుకాణంలోకి వచ్చేసరికి నాకు చేయి ఊరుకోదు. టమాటా విత్తనాల ప్యాకెట్లున్న అరలో వంకాయవి పెడతాను, ఎదురుగా నిలబడ్డ మనిషి చెప్పేది సగమే వింటాను. నలభై దాటిన నేను తీరిక దొరికితే బొగ్గుతో బొమ్మలు గీసుకుంటానని తెలిసినవాళ్ళు చాలా తక్కువమంది. నా చేతికి ఆ అలవాటు అంటించిన సుగుణ టీచర్ గురించి తెలిసినవాళ్ళు ఇక్కడ ఒక్కరూ లేరు.

తొంభైలలో మేము పుంగనూరులో ఉండేవాళ్ళం. నాన్నది బట్టల అంగడి. మా ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగిన సుగుణ టీచర్ నేను చదివే హైస్కూల్లోనే జీవశాస్త్రం చెప్పేవారు. సొంతూరు కుప్పం. పెళ్ళి చేసుకోలేదు. నలభై ఏళ్ళ ఆడమనిషి ఒంటరిగా ఉండడం మా వీధికి ఒక వింతయితే, ఆదివారం వచ్చిందంటే చంకలో అట్ట, కాగితాలు పెట్టుకొని ఏదో ఒక బస్సెక్కి వెళ్ళిపోవడం ఇంకో వింత. ఒకచోట కూర్చోలేని మనిషి ఆమె. తరగతి గదిలో గోడ నుంచి గోడకు తిరుగుతూ పాఠం చెప్పేవారు. అన్నం గిన్నె చేత్తో పట్టుకొని వరండాలో నడుస్తూ తినేవారు. ఆమె కుదురుగా కూర్చోవడం నేను చూసింది బొగ్గు తయారు చేసేటప్పుడే. ఎండిన కందికట్టెలు చిన్నగా విరిచి, పాలపొడి డబ్బాలో కుక్కి, మూత చుట్టూ బంకమన్ను మెత్తి పొయ్యిలో పెట్టేవారు. డబ్బా చల్లారాక తెరిస్తే పుల్లలు పుల్లల్లాగే ఉండేవి, కానీ నల్లగా, ఈకంత తేలిగ్గా. గోరుతో తడితే సన్నగా మోగేవి.

నేను అప్పటికే బొమ్మలు గీసేదాన్ని. క్యాలెండర్లోని లక్ష్మీదేవి మీద పెన్సిల్‌తో గళ్ళు కొట్టుకొని, అవే గళ్ళు డ్రాయింగు షీటు మీద వేసి, ఒక్కో నగా తప్పు పోకుండా దించేదాన్ని. స్కూల్లో బహుమతులు కూడా వచ్చాయి. ఒకసారి ఆ బొమ్మలన్నీ పట్టుకెళ్ళి టీచర్‌కు చూపించాను.

"శుభ్రంగా ఉండాదమ్మా," అన్నారు, తిరగేస్తూ. "దీంట్లో నువ్వు సూసింది యాది?"

"అంతా సూసే కదా టీచర్ గీసినాను."

"క్యాలెండర్ వేసినాయన సూసినాడు. నువ్వు ఆయన గీతను సూసినావు. అంతే."

నాకు కోపం వచ్చింది. ఆమె అదేమీ పట్టించుకోకుండా నా చేతికి ఒక బొగ్గుపుల్ల ఇచ్చి, బావి దగ్గర బట్టలు ఉతుకుతున్న మా అమ్మను చూపించారు. పెన్సిల్ లాగా అది మాట వినలేదు. గట్టిగా ఒత్తితే విరిగింది, మెల్లగా పట్టుకుంటే జారింది. అరచేయి తగిలి సగం బొమ్మ అలుక్కుపోయింది. ఏడుపు ముఖంతో కాగితం పక్కన పెట్టబోతే, అలుక్కుపోయిన చోట అమ్మ వీపు వంపు కనిపించింది. నేను గీయలేదు, నా చేయి తుడిచింది. ఆ రోజు రాసుకున్న మసి రెండు రోజులు గోళ్ళలోనే ఉండిపోయింది. కడుక్కోవాలని కూడా అనిపించలేదు.

ఆ తర్వాత ఆదివారాల్లో నన్నూ వెంట తీసుకెళ్ళేవారు. పశువుల సంతలో మా ఊరి పొట్టి ఆవుల వెంబడి నడుస్తూ గీసేవారు. ఒక కాగితం మీద కొమ్ము, ఇంకో దాని మీద గంగడోలు. ఏదీ పూర్తి చేసేవారు కాదు. "పూర్తి చేయండి టీచర్" అంటే "అది పోయింది కదమ్మా" అని ఇంకో ఆవు వైపు వెళ్ళేవారు.

నేను పదో తరగతిలోకి వచ్చిన ఏడాది గంగులమ్మ అనే ఆమె టీచర్‌ను వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ళది నిమ్మనపల్లె దగ్గర ఒక పల్లె. గొర్రెలు మేపుకునే కుటుంబం. వాళ్ళ కూతురు మునిలక్ష్మి హాస్టల్లో ఉండి మా తరగతిలోనే చదివేది. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయి, జ్వరం తగిలి చనిపోయింది.

"మీరు బొమ్మలు గీస్తారంట కదమ్మా. నా బిడ్డ ముఖం ఒకటి గీసియ్యండి," అంది గంగులమ్మ గడప దగ్గరే నిలబడి. "ఒక్క ఫోటో తీయించలేదు. దాని తమ్ముడు చిన్నోడు. మర్సిపోతాండాడు."

టీచర్ ఆమెను కూర్చోమని లోపలికి వెళ్ళారు. మంచినీళ్ళు తెస్తారనుకున్నాను. చాలాసేపటికీ రాకపోతే నేనే వెళ్ళాను. వంటింట్లో అటూ ఇటూ తిరుగుతున్నారు.

"ఏడాది పాఠం చెప్పినాను వసంతా. గోడ పక్కన కూసునేది, అది గుర్తుండాది. రాత గుండ్రంగా ఉండేది, అదీ గుర్తుండాది. ముఖం రాలేదు. నీకు వస్తాందా?"

నేను కళ్ళు మూసుకొని ప్రయత్నించాను. హాజరు పలికే గొంతు వచ్చింది. ఆకుపచ్చ రిబ్బను వచ్చింది. వాటి మధ్య ఏమీ లేదు.

అయినా టీచర్ కాగితం తీసుకొని కూర్చున్నారు. గంగులమ్మ చెబుతూ పోయింది, టీచర్ గీస్తూ పోయారు. "ముక్కు ఇంత పొడుగు లేదమ్మా." తుడిచారు. "కండ్లు ఇంకా దూరం." తుడిచారు. కొంతసేపటికి గంగులమ్మే ముందుకు వంగి తన వేలితో బుగ్గ దగ్గర తుడవడం మొదలుపెట్టింది. పొద్దుగూకేసరికి కాగితమంతా బూడిదరంగుకు తిరిగి, నూగు లేచింది. గంగులమ్మ దాన్ని దూరంగా పట్టుకొని చూసింది.

"ఎవరో మంచి బిడ్డే. నా బిడ్డ కాదు," అని మెల్లగా కింద పెట్టి బస్సుకు వెళ్ళిపోయింది.

టీచర్ ఆ మాటను వదల్లేకపోయారు. పాఠం మధ్యలో ఆగిపోయి, ఎవరో ఒక పిల్ల ముందు నిలబడి చూస్తూ ఉండిపోయేవారు. ప్రతి ఆదివారం మేమిద్దరం మదనపల్లె మీదుగా ఆ పల్లెకు వెళ్ళడం మొదలయింది. గడ్డం వాళ్ళ అవ్వ పోలిక అని గంగులమ్మ చెబితే అవ్వను గీశారు. నవ్వు తమ్ముడిదే అంటే వాడిని ఆడిస్తూ గీశారు. ఇంటికి వచ్చి అవన్నీ ఒకచోట కలిపితే ఎవరికీ చెందని ముఖం తయారయ్యేది. చింపేసేవారు. ఇక చాలు టీచర్ అని నేను చెప్పాలనుకుంటూనే, మళ్ళీ ఆదివారం వస్తే ముందుగా తయారయ్యేదాన్ని.

ఒకనాడు బస్సు కిటికీ గాలికి నా తలంతా రేగిపోయింది. గంగులమ్మ చూసి, "ఏందమ్మా ఈ తల? ఈడ కూసో, జడేస్తాను," అని నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకొని తాను వెనక కూర్చుంది. నూనె చేత్తో పాపిట తీసింది. ఆ వేళ్ళు నా తలను అడగలేదు. వాటికి అలవాటైన వైపు, కొంచెం ఎడమకు వంచి పెట్టుకున్నాయి. నేను మెడ కదిలించాను.

"కదలద్దులే మునీ," అంది గంగులమ్మ.

నా జుట్టులో ఆమె వేళ్ళు ఆగి, కాసేపటికి మళ్ళీ అల్లడం మొదలుపెట్టాయి. నా వెనక కాగితం మీద బొగ్గు నడుస్తున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూడాలని ఎంత ఉన్నా తిరగలేదు.

టీచర్ బొమ్మను అరుగు మీద పెట్టినప్పుడు చూశాను. వెనక నుంచి ఒక పిల్ల. పాపిట కాస్త వంకర. ఒక జడ అయిపోయింది, రెండోది తల్లి చేతుల్లో సగంలో ఉంది. మెడ ఎడమకు ఒరిగి ఉంది. ముఖం లేదు. గంగులమ్మ నూనె చేతులు కొంగుకు తుడుచుకుంది కానీ బొమ్మను ముట్టుకోలేదు. కొడుకును పిలిచింది.

"ఎవర్రా ఇది, సూడు."

వాడు వంగి చూశాడు. "అక్క," అన్నాడు.

తిరుగు బస్సులో నాకు ఎగిరి గంతేయాలన్నంత సంతోషం. టీచర్ మాత్రం కిటికీ బయటికే చూస్తున్నారు.

"ముఖం చేతగాక వెనక్కి తిప్పినాను," అన్నారు చివరికి.

"వాడు గుర్తు పట్టినాడు కదా టీచర్?"

"వాడికి వాళ్ళక్క తెలుసు. నాకే తెలీదు. ఏడాదిపాటు నా ముందరే కూసునింది."

మరుసటి జూన్ నుంచి బడి తెరిచిన మొదటి వారాల్లో తన తరగతుల్లోని ప్రతి పిల్లనూ గీయడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం అన్నాల వేళ ఒక్కొక్కరినీ వేపచెట్టు కింద నిలబెట్టి గీసేవారు. గీసినవి ఆ పిల్లలకే ఇచ్చేసేవారు. పోలిక కుదిరిందా లేదా అని కూడా అడిగేవారు కాదు.

తర్వాత ఆమెకు కుప్పం బదిలీ అయింది. నాకు పెళ్ళయి మదనపల్లె వచ్చాను. దుకాణం, పాప, అత్తగారి మోకాళ్ళ నొప్పులు. బొగ్గు ముట్టుకోక ఏళ్ళయింది. రెండు వేల సంవత్సరం దాటాక ఒక పెళ్ళికి కుప్పం వెళ్ళి, టీచర్ ఇల్లు వెతికితే తాళం ఉంది. సాయంత్రం పూట రైల్వే స్టేషన్లో ఉంటారని పక్కింటివాళ్ళు చెప్పారు. నిజంగానే ప్లాట్‌ఫారం మీద, బెంగళూరు బండి కోసం చూస్తున్న జనం మధ్య తిరుగుతూ గీస్తున్నారు. జుట్టు తెల్లబడింది. నడక మారలేదు.

"గీస్తాండావా?" అన్నారు, బాగున్నావా అని కూడా అడగకముందే.

"టైం యాడుండాది టీచర్."

"గీయకుంటే బాగుండాదా నీకు?"

బాగాలేదు. ఎందుకు బాగాలేదో అప్పటిదాకా నాకే తెలియదు. పిల్ల మీద ఊరికే విసుక్కోవడం, పని ఉన్నా లేకున్నా దుకాణమంతా తిరగడం, అద్దం ముందు నిలబడి అరచేతులు చూసుకోవడం. ఆమె ఇంకేమీ అనకుండా నాకొక కాగితం, పుల్ల ఇచ్చి, మూట మీద కూర్చున్న ఒక అవ్వను చూపించారు. నేను నుదురు దాకా గీశానో లేదో బండి వచ్చింది. అవ్వ లేచి ఎక్కేసింది. నేను చేయి దించాను.

"ఆపద్దు," అన్నారు టీచర్. "ఇంతసేపు సూసినావు కదా. ఎంత సూసినావో ఇప్పుడు తెలుస్తాది."

బండి పోయాక ఖాళీ అయిన ప్లాట్‌ఫారం మీద కూర్చొని గీశాను. కుదరలేదు. టీచర్ పక్కన నిలబడే ఉన్నారు.

అదే ఆఖరు. కొన్నేళ్ళకు గుండెపోటుతో పోయారని ఎవరో చెబితే తెలిసింది, అదీ ఆలస్యంగా. ఆమెను గీయాలని చాలాసార్లు కూర్చున్నాను. నడుస్తున్న కాళ్ళు వస్తాయి, అట్టను పట్టుకున్న మోచేయి వస్తుంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎటో తిరిగిపోతారు. ఏ రోజూ నిలబడి తనను చూడనిచ్చిన మనిషి కారు.

దుకాణానికి వచ్చే రైతుల్లో ఎవరో ఒకరిని రోజూ చూసుకుంటాను. వాళ్ళు విత్తనాలు తీసుకొని వెళ్ళాక, సాయంత్రం గీస్తాను. మూతి కుదిరితే చెవి తప్పుతుంది. ఆ తప్పిన చెవి మర్నాటిదాకా నన్ను కుదురుగా ఉండనివ్వదు. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి నా భుజం మీదుగా చూస్తుంది.

"ఎవరమ్మా ఈమె?"

"పేరు తెలీదు. పెద్దమండ్యం నుంచి వచ్చింది. మళ్ళీ వస్తే గుర్తు పడతాను."