కిటికీలు మూసిన ఇల్లు

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, అక్వేరియం షాపతనితో ఫోన్లో మొరపెట్టుకుంటున్నాను. మా ఉప్పునీటి తొట్టిలో పీహెచ్ పడిపోతోంది. ఎన్ని పొడులు కలిపినా నిలవడం లేదు. అందులో పెంచుతున్న పగడపు జీవులు ఒక్కొక్కటే తెల్లబడి చచ్చిపోతున్నాయి. ఫోన్ పెట్టేయగానే పక్కన నిలబడ్డ నడివయసాయన పలకరించాడు.

"ఇంట్ల ఎంతమంది ఉంటరు తమ్మీ?"

"నలుగురం."

"ఏసీ పెట్టి కిటికీలు బంద్ చేస్తరా?"

అవునన్నాను.

"మనం ఇడిసే గాలే నీళ్లల్ల కలిసి పీహెచ్‌ను కిందికి గుంజుతది. కిటికీలు తెరువు. మా ఇంట్ల సుత గట్లనే ఉండె."

"తెరిచాక బాగైందా?"

"తెరిస్తే దుమ్మొస్తదని మా ఆమె రోజూ లొల్లి. నేను సుత తగ్గలే. ఆఖరికి పిల్లలను తీస్కొని పోయింది. ఇప్పుడు కిటికీలన్నీ మూసే ఉంటయి, పీహెచ్ మాత్రం మంచిగుంటది. ఊపిరి తీస్కునేది నేనొక్కణ్ణే గద."

పంజాగుట్ట రాగానే ఆయన దిగిపోయాడు.

ఇంటికెళ్లి కిటికీలు తెరిచాను. కొద్దిరోజుల్లోనే పీహెచ్ పెరిగింది. మిగిలిన పగడాలు బతికాయి. ఒకరోజు సోఫా తుడుస్తూ మా ఆవిడ, ఈ సలహా ఎవరిచ్చారని అడిగింది. మెట్రోలో ఎవరో పెద్దమనిషి అన్నాను.

"వాళ్ళింట్లో దుమ్ము ఎవరు తుడుస్తారో అడగలేకపోయారా?"

ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకున్నానే గాని, ఆయన ఇంటి సంగతి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.