గంప ఎత్తని రోజు

నా చిన్నప్పుడు నాకు భయం లేని రోజంటూ ఒకటి ఉన్నట్టు గుర్తులేదు. అన్నిటికంటే మార్కాపురం పలకల గని అంటే భయం. అప్పట్లో మేము మద్రాసు రాజధాని కింద ఉండేవాళ్ళం. పైన తెల్లదొరలు ఏలుతున్నారని చెప్పుకునేవాళ్ళు గానీ, మా చుట్టుపక్కల నేను ఒక్క దొరనూ చూసి ఎరగను. నాకు తెలిసిన దొరంతా గనిలో చేతికర్ర పట్టుకుని తిరిగే మేస్త్రీయే. ఆయన దగ్గితే చాలు, నేను అమ్మ కొంగు వెనక్కి దూరేదాన్ని.

ఊళ్ళలో పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకలు ఆ గని రాయితోనే తయారయ్యేవి. గని అడుగున మగవాళ్ళు ఉలి పెట్టి సుత్తితో కొట్టి రాతిని పొరలు పొరలుగా చీల్చేవాళ్ళు. ఆ బిళ్ళలను ఆడవాళ్ళు గంపల్లో పేర్చుకుని వాలుబాట వెంట పైకి మోసేవాళ్ళు. పైన కొట్టంలో ఇంకొందరు ఆడవాళ్ళు కూర్చుని వాటిని ఇసుకా నీళ్ళూ పోసి నున్నగా రుద్దేవాళ్ళు. రాతిగంపను ఎంత బలమైన మనిషయినా తనంతట తాను నెత్తికి ఎత్తుకోలేదు. ఇంకొకరు చెయ్యి పట్టాల్సిందే. అందుకే గనిలో ఒక ఆచారం ఉండేది. ఎవరు గంప ముందు వంగినా, పక్కనున్న ఆడమనిషి వచ్చి ఎత్తాలి. మాటల్లేని తోడికోడళ్ళు కూడా మొహం అటు తిప్పుకుని మరీ ఎత్తేవాళ్ళు. కాదన్న మనిషిని నేను చూడలేదు.

ఆ ఏడు వానలు పడ్డాక మా పక్కింటి అత్త నిండు నెలలతో గంప మోస్తూ వాలుబాట మీద జారిపడింది. మనిషి బతికింది, కడుపులో బిడ్డ దక్కలేదు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. దొర్లిన బిళ్ళల చప్పుడు ఆగిపోయాక ఆమె కేకలు పెడుతుందని అనుకున్నాను. ఆమె వెల్లకిలా పడుకుని ఊరికే పైకి చూస్తూ ఉండిపోయింది. అప్పటికి మా అమ్మకు ఏడో నెల. మా నాయన గొర్రెలను తోలుకుని నల్లమల వైపు పోయి ఉన్నాడు. ఆ రోజు నుంచి నేను అమ్మను వదిలి ఉండనని మొండికేశాను. గనిలోకి దిగినా కొంగు పట్టుకునే తిరిగేదాన్ని. నేను పట్టుకుంటే అమ్మ జారదని నా నమ్మకం.

అమ్మకు అక్క, మా పెద్దమ్మ, అదే గనిలో గంపలు మోసేది. గిద్దలూరులో రైలు కూలీలు సంఘం కట్టుకున్నారని విని మా గనిలో వాళ్ళూ ఒకటి పెట్టుకున్నారు. అందులో ఆడవాళ్ళూ చేరారు గానీ, మీటింగులో వెనక కూర్చుని వినడమే వాళ్ళ పని. అత్త జారిపడ్డాక జరిగిన మీటింగులో పెద్దమ్మ లేచి నిలబడింది. కడుపుతో ఉన్నవాళ్ళకు మోత వద్దని, కాన్పయ్యేదాకా కొట్టంలో రుద్దే పని ఇప్పించాలని, సంఘం ఈ మాట అడగాలని చెప్పింది. సంఘం పెద్ద తెల్లమీసాల ముసలాయన, మంచివాడే. ముందు మన పనులు కానీయమ్మా, ఆడోళ్ళ సంగతి తర్వాత చూద్దామన్నాడు. మేస్త్రీ అయితే మోయలేనోళ్ళను ఇంట్లో ఉండమని అంతకుముందే చెప్పేశాడు. ఇంట్లో ఉంటే పొయ్యి ఎట్లా వెలుగుతుందో ఆయన చెప్పలేదు.

పెద్దమ్మ కూర్చుంది. ఇంటిదారి పట్టాక మాత్రం ఆడవాళ్ళందరినీ దగ్గరికి పిలిచింది. రేపు అందరమూ పనికి పోదాం, గంపలు నింపుదాం, ఒకరి గంప ఒకరం ఎత్తొద్దు, అంతే అని చెప్పింది. మా అమ్మ అక్కడే ఏడుపు మొదలుపెట్టింది. కొడతారేమోనని ఆమె భయం. కొట్టొచ్చు అంది పెద్దమ్మ. ఆ మాట విని నేను తెల్లారేసరికి జ్వరం వస్తే బాగుండునని కోరుకున్నాను. రాలేదు.

పొద్దున అందరూ మామూలుగానే దిగారు. గంపలు నిండాయి. ఎవరి గంప పక్కన వాళ్ళు నిలబడ్డారు. మేస్త్రీ కేకలు వేస్తే, పని చెయ్యం అని ఎవరూ అనలేదు. ఎత్తేవాళ్ళు లేరు అని మాత్రం అన్నారు, అదీ నేల చూపులు చూస్తూ. కాసేపటికి కొందరు గంపల పక్కనే కూర్చున్నారు. మేస్త్రీ వాళ్ళ మధ్య అటూ ఇటూ తిరిగి మా అమ్మ ముందు ఆగాడు. అందరిలోకీ పిరికిది ఎవరో ఆయనకు బాగా తెలుసు. చేతికర్ర చంకలో పెట్టుకుని, వంగి, మా అమ్మ గంపను తానే ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు. మగవాడు ఆడమనిషి గంపకు చెయ్యి వెయ్యడం ఆ గనిలో ఎవరూ చూసి ఉండరు. అమ్మ బిత్తరపోయి గంప అంచులు పట్టుకుంది.

"నడువు," అన్నాడు.

అమ్మ నడిచింది. కొంగు నా చేతిలోనే ఉంది. వాలుబాట ఇంకా తడిగానే ఉంది. అమ్మ మెడ నరాలు ఉబ్బడం కనిపిస్తోంది. నాకు వెల్లకిలా పడుకున్న అత్త మొహమే కళ్ళముందు మెదిలింది. అమ్మా వద్దు అని అరవబోయి, కొంగును రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. అమ్మ నడిస్తే అందరూ అనుకున్న మాట పోతుందని కూడా నాకు అర్థమయింది గానీ, ఆ క్షణం దాంతో నాకు పనిలేదు. మా అమ్మ పడకపోతే చాలు.

పెద్దమ్మ లేచి వస్తుంటే, అమ్మను తిడుతుందనుకున్నాను. ఆమె పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. వచ్చి అమ్మకు ఎదురుగా నిలబడి, రెండు చేతులా గంప పట్టుకుని, మెల్లగా నేలకు దించింది.

మేస్త్రీ కర్ర చేతిలోకి తీసుకున్నాడు. "ఎత్తొద్దని చెప్పింది నువ్వే కదా మే. ఇప్పుడేంది గంప మీద చెయ్యేసినావు?"

"దించేదానికి అందరం ఉండాం అన్నా," అంది పెద్దమ్మ. "ఎత్తేదానికే ఎవురూ లేరు."

ఆ మాట అందరికీ వినిపించింది. మేస్త్రీ రోషంతో ఇంకొకామె గంప ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు. అప్పుడు లేచింది మా పక్కింటి అత్త. ఆమె పనిలోకి తిరిగి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. పోయి ఆ గంప దించింది. ఆయన మళ్ళీ ఎత్తాడు. ఈసారి దించడానికి నలుగురు లేచారు. అప్పుడు కర్ర పెద్దమ్మ భుజం మీద పడింది.

అంతసేపూ ఆగకుండా మోగుతున్న ఉలుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఇక అందరినీ చంపేస్తారనుకుని అమ్మ నడుముకు చుట్టుకుపోయాను. తెల్లమీసాల సంఘం పెద్ద రాతి అరుగు దిగి వచ్చాడు. సుత్తి కింద పెట్టి, ఆడవాళ్ళ గంపల పక్కన కూర్చున్నాడు. ఆయన వెనకే మిగిలిన మగవాళ్ళు కూడా. మేస్త్రీ గని యజమాని షావుకారును పిలుచుకురావడానికి పైకి పోయాడు.

సాయంత్రానికి షావుకారు ఒప్పుకున్నాడు. కడుపుతో ఉన్నవాళ్ళు కాన్పయ్యేదాకా కొట్టంలో రుద్దుకోవచ్చు. పెద్దమ్మ మాత్రం మళ్ళీ గని గడప తొక్కకూడదు. ఆమె కోసం సంఘం చాలాకాలం కొట్లాడింది, గెలవలేదు. ఆమె ఊళ్ళో వాళ్ళ చేలల్లో కలుపు తీసి బతికింది. అయినా మీటింగు పెట్టిన ప్రతిసారీ ఆమెకు కబురు వచ్చేది. ఆమె పోయి ముందు వరసలో కూర్చునేది. మా అమ్మ కొట్టంలో పలకలు రుద్దుతూ నెలలు నింపుకుంది. తమ్ముడు పుట్టాడు, ఇద్దరూ బాగున్నారు.

ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి గడగడా వణుకుతోంది. నేను ఆశ్చర్యపోయి, నీకు కూడా భయమా పెద్దమ్మా అని అడిగాను.

"భయం లేకుండా ఎట్లుంటాది తల్లీ. మీ యమ్మ నెత్తిన గంప చూసినాక, నా భయం సంగతి ఇంటికి పోయి చూసుకుందాంలే అనుకున్నా. ఇప్పుడు చూసుకుంటాండా," అని నవ్వింది. అలా నవ్వుతూనే వణికింది.

పెద్దయ్యాక నేనూ ఆ కొట్టంలోనే పనిచేశాను, సంఘంలో నిలబడి మాట్లాడాను, ఒకటి రెండుసార్లు పోలీసు టోపీల ముందు కూడా నిలబడ్డాను. ధైర్యవంతురాలినని నలుగురూ అంటుంటే నాకు లోపల నవ్వొస్తుంది. నా భయం ఎక్కడికీ పోలేదు. ఎదుటి మనిషి నెత్తిన మోయలేని బరువు కనబడితే ముందు చేతులు చాస్తాను. ఆ తర్వాత ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని, తీరిగ్గా వణుకుతాను.