మీసాలాయన బొమ్మ వెనక

మీరు టామ్సిన్ ఓడ్జర్స్‌ని ఒక్కసారైనా కలిసి తీరాలండీ! కాలిఫోర్నియా కొండల్లో, బంగారు గనులు ఎప్పుడో మూతపడ్డ పెన్‌హాలో అనే ఊళ్ళో, ఏటవాలు వీధి మలుపులో ఆవిడ పాతకాగితాల కొట్టు ఉంది. కొట్టంతా కేటలాగులే. నీటిబలంతో తిరిగే చక్రాలు, రాయిని పిండి చేసే రోకళ్ళు, కొండనే కడిగేసే నీటి ఫిరంగులు... ఇవన్నీ కొనమని ఒకప్పుడు ఇనుము పోతపోసే ఫౌండ్రీలవాళ్ళు గనులకి పంపిన పుస్తకాలు. ఆ బొమ్మలు ఎంత సన్నటి గీతలంటే, తుంపర మీద పడుతుందేమోనని మొహం వెనక్కి లాక్కుంటాం!

అయితే టామ్సిన్ వాటిని పుస్తకాలుగా అమ్మదు. కోస్తుంది. బొమ్మున్న కాగితాన్ని అట్టకి జిగురుతో అతికించి ఫ్రేము కడుతుంది. ఆ వ్యాపారంలో అందరూ చేసేదే. "పుస్తకం కొన్నవాడు బీరువాలో పడేస్తాడు. బొమ్మ కొన్నవాడు రోజూ చూస్తాడు," అనేది ఎవరైనా అడిగితే.

ఆ వేసవి మొదట్లో జోరీ రోడా మెట్లెక్కి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. ఆ ఊళ్ళో కార్న్‌వాల్ నుంచి వచ్చిన గనివాళ్ళ సంతతే ఎక్కువ. చుట్టరికం లేకపోయినా పెద్దవాళ్ళని మావయ్య, అత్త అనే పిలుస్తారు.

"అమ్మాయ్, రోస్‌వార్న్ ఫౌండ్రీ కేటలాగు నీ దగ్గరుండేది కదూ?"

"ఉండేది మావయ్యా. ఎందుకూ?"

"నా నీటిచక్రం చుట్టూ ఉండే ఇనప గిన్నెలు అరిగిపోయి, అది ఆగి నాలుగేళ్ళు దాటింది. ఇప్పుడు పోతపోసేవాడు దొరికాడు. కొలతలు తెమ్మంటున్నాడు."

"పాత గిన్నె ఇస్తే సరిపోదూ?"

"ఇచ్చా. 'ఇసుక కొరికిన గిన్నెని చూసి పోస్తే కొరికిన గిన్నే వస్తుంది తాతా' అన్నాడు, భడవ! నిజమే అన్నాడనుకో." జోరీ నవ్వాడు కానీ ఆ నవ్వు గడ్డంలోనే ఇంకిపోయింది. "ఆకు రాలేలోపు చక్రం తిరక్కపోతే కాలువవాళ్ళు నా తూముకి తాళం వేస్తారు తల్లీ. ఐదేళ్ళు వాడని నీళ్ళు నీవి కావంటారు. మా తాత పలుగుతో తవ్విన కాలువ! నీళ్ళు పోతే ఆ కొండమీద నాకేం పని?"

టామ్సిన్‌కి గిన్నెల కొలతల పట్టీ ఎక్కడుందో గుర్తొచ్చింది. చక్రం బొమ్మ వెనకపక్కే! తనే దానికి దట్టంగా జిగురు రాసింది. అంకెల పట్టీ ఎవడిక్కావాలి అనుకుంది అప్పుడు. అలాంటి కేటలాగు మరొకటి ఆమె ఎక్కడా చూడలేదు.

ఆ బొమ్మ ఇప్పుడు థర్జా పాస్కో ఇంట్లో ఉంది. అసలు చిక్కంతా అక్కడే.

బొమ్మలో చక్రం పక్కన, అది ఎంత ఎత్తో తెలియడానికి, ఒక మీసాలాయన నిలబడి ఉంటాడు. అచ్చు కోసం బొమ్మ చెక్కినవాడు ఊహించి వేసిన మనిషే అయుంటాడు. మొగుణ్ణి పోగొట్టుకున్న కొత్తలో థర్జా టామ్సిన్ కొట్టుకి వచ్చింది. "ఈయన అచ్చం మీవారి తాతలా లేడూ అత్తా? ఆయన ఆ ఫౌండ్రీలోనే పనిచేశాడుగా!" అంది టామ్సిన్. బేరం కుదరడానికి జారిన మాట. థర్జా ఆ మాటే పట్టుకుంది. బొమ్మని చలికాచుకునే పొయ్యి పైన గోడకి తగిలించుకుంది. పొద్దున్నే టీ తాగుతూ ఆయనకి ఊరి కబుర్లన్నీ చెబుతుంది.

టామ్సిన్ వెళ్ళింది. ఆయన తాత కాడని, బొమ్మ వెనక కొలతలు కావాలని నిజం చెబుదామనే వెళ్ళింది. థర్జా కుంకుమపువ్వు బన్ను చేతిలో పెట్టింది. నిజం గొంతు దాకా వచ్చి బన్నుతో పాటు లోపలికి పోయింది.

"జిగురు పాతబడింది అత్తా. బొమ్మ శుభ్రం చేసి తెస్తా."

"జాగ్రత్తే! ఈ ఇంట్లో మిగిలిన మగాడు ఆయనొక్కడే. గురక కూడా పెట్టడు."

ముందు బొమ్మకి ఫోటో తీయించింది. తర్వాత అట్టని తడిపి, వెనక నుంచి పొరలు పొరలుగా గీరింది. అంకెలు ఒక్కొక్కటే తేలాయి. ఆఖరి వరస రాసుకునేసరికి కాగితం చేతిలో నానిన రొట్టెలా విడిపోయింది. మీసాలాయన నడుము దగ్గర రెండయ్యాడు.

ఆ ఫోటోని అదే కేటలాగులో మిగిలిన ఖాళీ కాగితం మీద అచ్చు వేయించి, పాత ఫ్రేములోనే బిగించింది.

ఆకులు పసుపెక్కుతుండగా, ఆ కొలతలతో పోసిన కొత్త గిన్నెలతో జోరీ చక్రం తిరిగింది. కాలువవాడు వచ్చి చూసి, తాళం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. జోరీ మాంసం, దుంపలు కూరి కాల్చిన వేడివేడి పాస్టీ గుడ్డలో చుట్టి తెచ్చాడు. "నీ చేతులు చల్లగుండ, నా ఇంట్లో దీపం నీదే అమ్మాయ్," అన్నాడు. ఆ మాటకి సంతోషించాల్సిన మనిషి తల పైకెత్తలేదు.

థర్జా మాత్రం బొమ్మని చాలాసేపు చూసింది.

"మీసం నల్లబడింది కదూ?"

"శుభ్రం చేశాగా అత్తా."

"అంతే అయుంటుంది." అద్దాన్ని ఏప్రన్ అంచుతో తుడిచింది. "ఇదివరకు నావైపే చూసేవాడు. ఇప్పుడు ఎటో చూస్తున్నాడు."

టామ్సిన్ ఇప్పుడు ఏ కాగితాన్నీ కోయదు. ఆదివారం ఆదివారం థర్జా ఇంటికి టీకి వెళ్తుంది. కుర్చీ మాత్రం పొయ్యికి వీపు పెట్టి వేసుకుంటుంది. మొన్న థర్జా ఆమెకి టీ పోస్తూ, బొమ్మ కేసి చూడకుండానే, "ఈమధ్య ఆయనతో మాట్లాడబుద్ధి కావట్లేదే," అందట.

తాత మాటా, నకలు మాటా చెప్పేస్తే ఆవిడకి ఆ మీసాలాయన ఎప్పటికీ లేనట్టే. చెప్పకపోతే ఎలాగూ కొంచెం కొంచెంగా పోతున్నాడు. ఆ టీ కప్పు మీ చేతిలో ఉంటే మీరేం చేసేవారు?