లియాండ్రో గడ్డపార దిగిన చోటు

లియాండ్రో తపారాని మా ఊళ్ళో అసలు పేరుతో పిలిచేది ఆయన భార్య ఒక్కతే. మిగతా అందరికీ ఆయన మాంకో. అది మెచ్చుకుని పెట్టిన పేరు కాదు.

తొమ్మిదేళ్ళ వయసులో మా ఊరు పకారిక్‌తంబో బడి వేడుకలో ఆయనకి మాంకో కాపాక్ వేషం కట్టారు. ఇంకా వంశపు మొదటి రాజు మా కొండగుహలోంచి బయటికొచ్చి, తన బంగారు కోల ఒక్క పోటుకి ఎక్కడ దిగిపోతే అక్కడ ఊరు కట్టాడన్నది కథ. పంతులుగారు మైదానం మధ్యలో కాస్త మట్టి గుల్ల చేసి ఉంచారు. పసుపు కాగితం చుట్టిన కర్రని అందులో గుచ్చితే చాలు. ఆ సంగతి పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. ఆ గుల్ల చేసిన చోటు తప్ప మైదానమంతా గుచ్చి చూసి, "ఎక్కడా దిగట్లేదు, ఈ చోటు మనకొద్దు" అని చెప్పి, రాణి వేషంలో ఉన్న పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. ఆ రాణి మా అమ్మ. అరకోసు నడిచాక ఆకలేసి ఏడ్చిందట.

పెద్దయ్యాక ఆయన ఇరవై రెండేళ్ళు రోడ్డు పనిలో గడ్డపార పట్టాడు. పని మానేసినా గడ్డపార మానలేదు. ఎక్కడికెళ్ళినా నేలని ఒక పోటు పొడిచి చూసేవాడు. ఊరంతా నవ్వేది. నేనూ నవ్వాను.

నాకు ముప్పై ఏళ్ళప్పుడు, మా వైపు వానాకాలమైన ఫిబ్రవరిలో, పట్టపగలు కొండచరియ విరిగి మా వాడలోని ఏడిళ్ళనీ, వాటి కింది ఆలుగడ్డ చేలనీ కప్పేసింది. అందరం లోయలో మొక్కజొన్న కలుపు తీస్తున్నాం గనక ప్రాణాలు దక్కాయి. కొత్త చోటు వెతుక్కోవాలి. రోడ్డు పక్క చదును నేల మా ఆయన తియోదోసియోకి నచ్చింది.

"బస్సు గుమ్మంలో ఆగుతుంది. ఇంకేం కావాలి?" అన్నాడు.

లియాండ్రో పొడిచాడు. గడ్డపార జానెడు దిగి ఖంగుమంది. "ఆ బస్సెక్కి వలసపోవడానికి బావుంటుంది," అన్నాడు.

వాగు పక్కన గడ్డపార మెత్తగా దిగింది గానీ, వెంటనే నీళ్ళూరాయి. "ఇక్కడ కాపరం పెడితే మనమూ దిగిపోతాం," అన్నాడు.

అలా మూడు వారాలు. ముసలాయన ఎక్కడైనా పడిపోతే చూసుకోమని నన్ను తోడు పంపారు. పిల్లల్ని టార్పాలిన్ కింద వదిలి కొండలెక్కుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు అడిగేశాను.

"తాతా, ఆ మాంకో కథ నిజంగా నమ్ముతున్నావా?"

"కథ సంగతి నాకేం తెలుసు సబీనా? గట్టి నేల దున్ని పస్తులుండటం తెలుసు. మా నాన్న చేను అలాంటిదే."

ఆయన వెనకే పై మెట్ట ఎక్కాను.

మర్నాడు, తూర్పు వాలులో ఒక గడ్డి మెట్ట మీద, గడ్డపార ఆయన పిడికిలి దాకా దిగిపోయింది. ఆయన నల్లమట్టి తీసి వాసన చూశాడు, నాలుక మీద వేసుకున్నాడు, నా చేతిలోనూ పెట్టాడు. చల్లగా, పొడిపొడిగా ఉంది. అక్కడే కూలబడి చాలాసేపు మా కొండల్లో అలుపు తీరడానికి నమిలే కోకా ఆకు నమిలాడు.

ఆ మెట్ట నికాసియా అనే పెద్దావిడది. ఆవిడ గొర్రెలు మేసే చోటు. లియాండ్రో మా మర్యాద ప్రకారం ముందు ఆవిడ దోసిట్లో కోకా ఆకులు పోసి విషయం చెప్పాడు.

"మీ మాంకో వచ్చి కోల గుచ్చినప్పుడు, అప్పటికే అక్కడున్నవాళ్ళు ఏమయ్యారు?" అంది నికాసియా.

"తరిమేశాడంటారక్కా."

"మరి నువ్వో?"

"నేను అడగడానికొచ్చాను. వద్దంటే గడ్డపార భుజానేసుకుని పోతాను."

ఆవిడ ఆకులు ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుంది. "కూర్చో. చారు తాగి పోదువుగాని," అంది. ఆ చారు తాగేలోపే మాట అయిపోయింది. విత్తనాల వేళ ఏడిళ్ళ వాళ్ళమూ తలా ఒకరోజు ఆవిడ చేలో పనిచెయ్యాలి, గొర్రెలకి పై వాలు వదలాలి. అంతే.

ఇళ్ళ స్థలాలు పంచుకునేటప్పుడు లియాండ్రో అందరూ తీసుకున్నాక మిగిలింది తీసుకున్నాడు, గాలి కొట్టే మూల. మొదటి ఏడాదే ఆలుగడ్డలు పిడికిళ్ళంత ఊరాయి. మట్టిగడ్డలు పేర్చి కట్టిన పొయ్యిలో కాల్చి, వేళ్ళు చురుక్కుమంటున్నా ఆగకుండా తిన్నాం. తియోదోసియో నాలుగో గడ్డ ఒలుస్తూ, ఇక్కడికి బస్సు రాదని గుర్తుచేశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు ఆయనకి ఎనభై మూడు. మొన్న పంటకి ఒక బుట్టెడు ఆలుగడ్డలు తీసుకెళ్ళి, "నీ పుణ్యాన తింటున్నాం తాతా," అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. సిగ్గేసింది.

"నాదేముంది. నేల ఆవిడది. వెళ్ళి ఆవిడకి చెప్పు," అన్నాడు.

వెళ్ళి చెప్పాను. నికాసియాకి చెవుడొచ్చింది. నా చేత ఆ మాట రెండుసార్లు అనిపించుకుంది. మొదటిసారే వినబడిందని నా అనుమానం.