బాపు తిప్పిన టేబుల్ ఫ్యాన్

మా ఇంట్లో టేబుల్ ఫ్యాన్ తిరుగుతుంటే నాకు ఇప్పటికీ బాపు ముందు తల ఎత్తబుద్ధి కాదు.

బాపు, అంటే మా నాన్న, ఇబ్రహీంపట్నం, యాచారం నడుమ ఆటో నడుపుతాడు. దసరా నాడు ఆటోకు పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి లోపలికి వచ్చాడు. "గిది గూడ నీకు అన్నం పెడ్తది గద బిడ్డా" అంటూ నా కంప్యూటర్ డబ్బాకు బొట్టు పెట్టి, కొబ్బరి నీళ్లు చల్లాడు.

తెల్లారి స్విచ్ వేస్తే బీప్ శబ్దమే తప్ప తెర మీద ఏమీ రాలేదు. ఇంటి నుంచే నా ఉద్యోగం. మీటింగ్ టైమ్ అవుతోంది. ఒళ్లు మండింది.

"మిషన్ మీద ఎవరన్న నీళ్లు సల్లుతరా బాపు? జర తెలివన్న ఉండాలె గద!"

బాపు టేబుల్ ఫ్యాన్ తెచ్చి డబ్బా వైపు తిప్పి, పక్కనే నేల మీద కూర్చున్నాడు. తువ్వాలతో బొట్టు తుడవబోయి, నా మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మూత విప్పి చూశాను. లోపల చుక్క తడి లేదు. ర్యామ్ చిప్పు ఒక పక్క పైకి లేచి ఉంది; ఆ బీప్ అందుకే. పూజకు ముందు దుమ్ము దులపడానికి దాన్ని తీసింది నేనే, సరిగా కూర్చోబెట్టనిదీ నేనే. గట్టిగా నొక్కితే టక్కుమని కూర్చుంది. కంప్యూటర్ ఆన్ అయింది.

"నీళ్లు ఎండినయా బిడ్డా?"

"అవ్ బాపు, ఎండినయ్" అన్నాను, ఆయన వైపు చూడకుండా.

బాపు ఫ్యాన్ ఆపి, వైరు చుట్టుకుంటూ లేచాడు. "ఇగ దాన్ని ముట్టుకోను బిడ్డా. దూరం నుంచే దండం పెడ్త."