నీసు నీళ్ళు

మా దీవిలోని అబర్డీన్ బజార్‌లో మిన్నీ బే వెళ్ళే బస్సెక్కాను. పక్క సీట్లో చేపలమ్మే ముసలామె కూర్చుంది. సరుకంతా అమ్ముడైపోయినా, ఒళ్ళోని సత్తు బేసిన్లో నీసు నీళ్ళు అలాగే ఉన్నాయి. బస్సంతా ముక్కు మూసుకుంది.

“దీదీ, ఆ గలీజు నీళ్ళు పారబోసి ఎక్కొచ్చు కదా!” అని కండక్టర్ కసిరాడు. ఆమె బేసిన్ని ఇంకాస్త ఒళ్ళోకి లాక్కుంది.

ఇద్దరం ఒకే చోట దిగాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కాలిబాటను మింగేశారు. దాటడానికి తెల్లచారలైనా గీయలేదు. కార్లు దూసుకుపోతుంటే నేను అడుగు ముందుకేస్తూ, వెనక్కి తీస్తూ నిలబడ్డాను.

ఆమె బేసిన్ని రెండు చేతులా ముందుకు పట్టుకుని, నీళ్ళు తొణికేలా ఊపుతూ రోడ్డు మీదికి నడిచింది. కార్లన్నీ కీచుమంటూ ఆగాయి.

“నా ఎనకాలే రా బాబూ” అంది.

అవతలికి చేరాక చెప్పింది. “మనిసికి ఆగరు బాబూ. బండి మీద నీసు పడతాదని ఆగుతారు. మొన్న మా కోడలు బేసిన్ సుబ్బరంగా కడుక్కుని ఒచ్చింది. కాలిరిగి మంచానున్నాది.”

ఆ నీళ్ళు అక్కడే పారబోసి వెళ్ళిపోయింది.

ఇప్పుడా రోడ్డు మధ్యలో పూలకుండీలు పెట్టారు. ఉతికిన చొక్కా వేసుకుని నేనింకా ఆ అంచునే నిలబడుతున్నాను, ఎవరైనా నీసు నీళ్ళతో వస్తారేమోనని.